ఈలగొట్టానికి పట్టుశాలువా

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదని అడక్కండి, నెమలి తోక మొత్తం విప్పినా పక్కవాడికి తగలనంత పెద్ద అడవిలో, ఒక ఏరు పారేది. ఆ ఏటి ఒడ్డున ఒక కార్ఖానా వెలిసింది. అందులో మెరుపు తైలం కాచేవారు.

మెరుపు తైలం ఒంటికి రాసుకునేది. రాసుకుంటే పులి చారలు నిన్న గీసినట్టు నిగనిగలాడేవి. అడవి పంది కూడా నలుగురిలోకి తలెత్తుకుని వచ్చేది. దేవుడిచ్చిన రంగు చాలదా అని మనలాంటివాళ్లం అనుకుంటాం. చాలదనే కదా తల్లీ, లోకంలో ఇన్ని పొయ్యిలు వెలిగేది.

జిల్లేడు పాలు, సున్నపు తేట, ముష్టిగింజల రసం, ఇంకా బయటికి చెప్పకూడనివి ఏవేవో కలిపి పెద్ద రాగి కాగులో పోసేవారు. మూతకి బంకమన్ను మెత్తి, కింద మంట పెట్టేవారు. లోపల ఏం జరుగుతోందో పైనున్న స్వామికి తెలుసు, కొంతవరకు కాగుకి తెలుసు.

కాగుకి తెలిసింది మిగతావాళ్లకి తెలియడానికి మూత మీద ఒక వెదురు గొట్టం పెట్టారు. గొట్టం నోటి మీద ఒక పలకరాయి. లోపల ఆవిరి మితిమీరితే ఆ రాయి లేచి, గొట్టం గట్టిగా ఈల వేసేది. ఈల వినగానే పొయ్యి దగ్గరుండే ఎలుగుబంటి బంగారయ్య కట్టెలు బయటికి లాగేవాడు. ఆవిరి పోయేది. రాయి మళ్లీ కూర్చునేది. ఇంతే శాస్త్రం.

ఆ గొట్టం ఊరికే రాలేదు. తాతల కాలంలో గొట్టం లేని కాగు ఉండేది. అది ఒక రోజు పేలింది. అప్పుడు కాగు చుట్టూ పని చేస్తున్నవాళ్లు కొండముచ్చులు. వాళ్ల మూతులు నల్లబడింది ఆ రోజే. తర్వాత పేలుడు సంగతి అందరూ మర్చిపోయారు, నలుపు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఏ కొండముచ్చునడిగినా అది మా వంశపు కళ అంటుంది. పెళ్లిచూపుల్లో మూతి ఎంత నల్లగా ఉంటే అంత పెద్ద సంబంధం.

కార్ఖానాకి మేనేజరు నక్క కుశలరావు. మాట మెత్తన, అడుగు మెత్తన, మెత్తనిది కానిది ఆయన దగ్గర ఏమన్నా ఉంటే అది తైలం ధర ఒక్కటే. కాగు ఉన్న ప్రతి చోటా ముందుగా ప్రమాదం చెప్పే గొంతు ఒకటి ఉండాలని అడవి సభ చట్టం చేసి పెట్టింది. అందుకని ఆయన తీతువు పిట్ట తిరుపతమ్మని భద్రతాధికారిగా వేసుకున్నాడు.

తీతువు సంగతి మీకు తెలియనిది కాదు. పాపం, దాని కూత వింటే ఎవరో పోతారని, పని చెడుతుందని లోకం చెప్పుకుంటుంది. బయల్దేరినవాడు ఆగిపోతాడు. అడుగు బయట పెట్టినవాడు కాళ్లు కడుక్కుని లోపలికి వస్తాడు. నిజానికి అది పామునో తోడేలునో చూసి అరుస్తుంది. పాముని చూడనివాళ్లకి తీతువే కనిపిస్తుంది, అందుకని దాన్నే తిడతారు. తిరుపతమ్మ పుట్టినప్పటినుంచి ఆ తిట్లు తింటూనే పెరిగింది. ఏ పేరంటానికీ పిలుపు ఎరగదు. నలుగురూ తనని పిలిచి ఒక మంచి మాట అంటే వినాలని ఆమెకి లోలోపల పెద్ద కోరిక. ఎవరికీ చెప్పుకోలేదు, మొగుడు గోవిందుకి తప్ప.

తీతువులు గూడు కట్టవు. గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడతాయి. కుశలరావు వాళ్లకి కాగు పక్కనే గులకరాళ్ల జాగా ఇచ్చి, ఇది కంపెనీ క్వార్టరు, వెచ్చదనం ఉచితం అన్నాడు. తిరుపతమ్మ అక్కడే గుడ్లు పెట్టింది. ఒకరు పొదిగితే ఒకరు కాపలా. ఎండ ముదిరితే గోవిందు ఏటికి వెళ్లి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ చెమ్మతో గుడ్లని చల్లబరిచేవాడు. వాళ్ల కుటుంబాల్లో మగవాడి గొప్పతనమంతా పొట్ట ఎంత బాగా తడుపుకొస్తాడన్న దాన్నిబట్టే.

ఇలా ఉండగా అడవికి దొరవారైన పులిగారి కొడుక్కి పెళ్లి కుదిరింది. పెళ్లికి వచ్చే ప్రతి జంతువూ మెరవాల్సిందేనని ఆజ్ఞ. తైలం కాచాలి, బోలెడంత కాచాలి. కుశలరావు పొయ్యి నిండా కట్టెలు వేయించాడు. కాగు ఈల వేసింది. బంగారయ్య కట్టెలు లాగాడు. మళ్లీ వేయించాడు. మళ్లీ ఈల. మధ్యలో తిరుపతమ్మ వచ్చి మూత అంచున మన్ను చీలిందనో, కాగు అడుగు ఎర్రబడిందనో కూత పెట్టేది. ఆ కూతకి కొండముచ్చులు బుట్టలు కింద పడేసి ఇంటిముఖం పట్టేవి.

గొట్టం తీసేస్తే చట్టం ఊరుకోదు. తీతువుని తీసేసినా ఊరుకోదు. కుశలరావు తోక కింద పెట్టుకుని కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. పోయినేడు దొరవారి వేట అన్యాయమని చిలుక ఒకటి కొమ్మ కొమ్మకీ తిరిగి చెప్పింది. దానికి పచ్చల హారం వేసి, ఆస్థాన చిలుక అని పిలిచారు. అప్పటినుంచి జామపండు కోసం తప్ప ముక్కు తెరవలేదు. దొరవారి మీద పద్యాలు కట్టిన అడవిదున్నకి కొమ్ములకి బంగారు రేకు తొడిగారు. ఆ రేకు ఎక్కడ ఊడుతుందోనని అది తల విదిలించడం కూడా మానేసింది.

ఈ అడవిలో సన్మానం అందుకున్నవాడు మళ్లీ నోరెత్తిన దాఖలా లేదు. కుశలరావుకి దారి దొరికింది.

భద్రతా వారోత్సవాలని చాటింపు వేయించాడు. కాగు చుట్టూ మామిడి తోరణాలు, అరటి బోదెలు. "జాగ్రత్తే జీవితం" అని పెద్ద ఆకుల మీద రాయించి, ఆ ఆకులు వేలాడదీయడానికి చోటు లేక, కాగుని చల్లార్చే నీళ్లు వచ్చే కాలువ మీద అడ్డంగా పరిపించాడు. దొరవారు వచ్చారు. కార్ఖానాల తనిఖీ అధికారి గుడ్లగూబగారు కూడా వచ్చారు. గుడ్లగూబగారు తనిఖీలు ఎప్పుడూ పట్టపగలే చేసేవారు. చేసిన ప్రతిసారీ, నా కంటికి ఏ లోపమూ కనిపించలేదని చెప్పేవారు. అబద్ధం ఎరగని మనిషి.

ముందు జ్యోతి ప్రజ్వలన అన్నారు. దీపపు సెమ్మె తీసుకొచ్చి తైలం కుండల పక్కన పెట్టారు. తిరుపతమ్మ వద్దు వద్దని అడ్డం పడింది. కుశలరావు ఆమెని మెచ్చుకుని, సెమ్మెని జానెడు అవతలికి జరిపించి, చూశారా మన భద్రత ఎంత పటిష్ఠమో అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత మైకు లేకపోయినా ఉన్నట్టే గొంతు సవరించుకుని, ఈ కార్ఖానాలో ఇన్నేళ్లుగా నిద్రాహారాలు లేకుండా మనందరి ప్రాణాలు కాపాడుతున్నది ఎవరు అని అడిగాడు. తమ పేరు వస్తుందేమోనని కొండముచ్చులు సర్దుకుని కూర్చున్నాయి. కుశలరావు కాగు వైపు చేయి చూపించి, మన ఈలగొట్టంగారు అన్నాడు.

పట్టుపురుగులు నేసిన జరీ శాలువా తెచ్చారు. దొరవారు స్వహస్తాలతో గొట్టానికి కప్పారు. దాని మీద బంతిపూల దండ, దాని మీద గంధపు పూత. గాలికి శాలువా ఎగిరిపోతే అపశకునమని, కొండముచ్చులు అడవి తీగలతో దాన్ని రాయితో సహా బిగించి కట్టాయి. ఎంత భక్తిగా కట్టాయంటే, ముడి వేశాక ఒకటి దాని మీద కాలు పెట్టి మరీ లాగింది.

తిరుపతమ్మ చూసింది. ముక్కు తెరిచింది. సరిగ్గా అప్పుడే కుశలరావు ఆమె పేరు పిలిచాడు.

ఆమెకీ ఒక శాలువా. ఆమెకీ ఒక దండ. దొరవారు తమ పెద్ద పంజాతో ఆమె తల నిమిరి, "క్షేమ కోకిల" అని బిరుదు ఇచ్చారు. కోకిల. ఎవరిని? తీతువుని. పుట్టినప్పటినుంచి ఎవరి గుమ్మం మీద వాలినా చేట విసిరికొట్టించుకున్న పిట్టని. సభంతా లేచి నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తెరిచిన ముక్కు తెరిచినట్టే ఉండి, అందులోంచి "అంతా మీ దయ" అనే మాట వచ్చింది.

దొరవారు కప్పిన శాలువా భుజం మీద ఉండగానే దొరవారు కప్పిన ఇంకో శాలువా తీయమని ఎలా అంటుంది? సభ అయ్యాక చెబుదాం అనుకుంది. మొహమాటం, బాబూ. పాము కాటుకి మందుంది గానీ దీనికి లేదు.

సభ అయ్యాక చెప్పింది. కుశలరావు రెండు చెవుల మీద చేతులు పెట్టుకున్నాడు. దొరవారు కప్పింది మనం విప్పితే దొరవారిని అవమానించినట్టు కాదా అన్నాడు. వారం చివర ముగింపు సభలో ఆయనే స్వయంగా వచ్చి, శాస్త్రోక్తంగా విప్పుతారని, అందాకా ఓపిక పట్టమని చెప్పాడు. "అయినా తిరుపతమ్మ గారూ, ఇదివరకైతే వేరు. ఇప్పుడు మీరు కోకిల. ఏం చెప్పినా కాస్త కోకిలలా చెప్పండి."

మర్నాటి నుంచి కార్ఖానా ప్రశాంతం. ఈల లేదు. ఈల లేదు కాబట్టి బంగారయ్య కట్టెలు లాగలేదు. లాగలేదు కాబట్టి తైలం దండిగా దిగింది. ఇన్నాళ్లూ ఏదో లోపం ఉండబట్టే ఈల వచ్చేదని, వారోత్సవాల పుణ్యమా అని ఆ లోపం పోయిందని కుశలరావు అందరికీ చెప్పుకున్నాడు. గుడ్లగూబగారు మిట్టమధ్యాహ్నం వచ్చి, చుట్టూ చూసి, చాలా నిశ్శబ్దంగా ఉందని మెచ్చుకుని వెళ్లారు.

తిరుపతమ్మ బంగారయ్య దగ్గరికి వెళ్లింది.

"అన్నా, ఆ కట్టెలు కొంచెం వెనక్కి లాగు."

"ఈల రాలేదమ్మా."

"ఎలా వస్తుంది? నోరు కట్టేశారు కదా."

"నోరు కట్టారు గానీ రూలు కట్టలేదు కదమ్మా. ఈల వస్తే లాగమన్నారు. రాకపోతే పెట్టమన్నారు. రేపు తైలం తగ్గితే కోకిలమ్మ లాగమంది అంటే నా మాట ఎవరు వింటారు?"

బంగారయ్య చెడ్డవాడు కాదు. ఆ మాట అంటున్నప్పుడు కాగు వైపు చూడలేక పొయ్యిలోకి చూస్తున్నాడు.

ఆమె కొమ్మెక్కి, కోకిల రాగం ప్రయత్నించి, కాగు ఉబ్బుతోందహో అని పాడింది. కొండముచ్చులు తలలూపాయి. ఎంత హాయిగా పాడుతోందో, బిరుదు ఊరికే ఇస్తారా అనుకున్నాయి. మూత చీలుతోందహో అని పాడింది. మళ్లీ ఒకసారి అని కేకలేశాయి. ఆమె పాడింది. ఆమెకే సిగ్గేసింది, ఎందుకంటే రెండోసారి ఇంకా బాగా పాడింది.

గోవిందుకి మాత్రం సంగీతం పట్టలేదు. మొదటి రోజుల్లో, ఈ మధ్య నేను కూర్చోకపోయినా గుడ్లు వెచ్చగానే ఉంటున్నాయని సంబరపడ్డాడు. తర్వాత ఏటికి వెళ్లడం ఎక్కువైంది. పొట్ట తడుపుకుని వచ్చి కూర్చుంటే సుయ్‌మని ఆవిరి. మళ్లీ ఏటికి పరుగు. ముగింపు సభ నాటికి మనిషి సగమైపోయాడు.

"ఏమే, ఇది పైనుంచి వచ్చే ఎండ కాదే," అన్నాడు. "కిందనుంచి వస్తోంది. నేను ఏటికీ గుడ్లకీ మధ్య ఎంతకాలం తిరగను? ఏరు ఎండేలా ఉంది గానీ నేల చల్లబడేలా లేదు."

తిరుపతమ్మ గుడ్ల మీద ముక్కు ఆనించి చూసింది. లోపల పిల్లలు కదులుతున్నాయి. పెంకు గోరువెచ్చని హద్దు దాటి ఉంది. తల ఎత్తి కాగుని చూసింది. మూత అంచున మన్ను రాలుతోంది. గొట్టం పట్టుశాలువా కింద వణుకుతోంది, ముక్కూ నోరూ మూసినవాడు గింజుకున్నట్టు.

అప్పటికే సభ నిండింది. అందరూ కాగుకి దగ్గరగానే కూర్చున్నారు, వెచ్చగా ఉందని. శాలువా విప్పడానికి దొరవారు రావాలి. ముఖ్య అతిథి కదా, రాలేదు. ఆమె కుశలరావు కాళ్ల దగ్గర వాలి, దొరవారు వచ్చేలోపు ఆ ముడి విప్పించమని బతిమాలింది.

"దొరవారు దారిలో ఉన్నారు," అన్నాడు.

"కాగు దారిలో లేదండీ, గుమ్మంలో ఉంది."

"మంచి మాట. సభలో వాడుకుంటాను," అని ఆయన మళ్లీ దండలు సర్దించడంలో పడ్డాడు.

ఏటి మలుపులో బాజాలు వినిపించాయి. దొరవారు వస్తున్నారు. అందరూ లేచి ఇంకా దగ్గరికి జరిగారు. తిరుపతమ్మ ఒకసారి గులకరాళ్ల వైపు చూసింది. గోవిందు తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుని ఉన్నాడు, చుట్టూ ఆవిరి లేస్తోంది, అయినా అతను లేవడం లేదు. ఒకసారి తన భుజం మీది జరీ అంచు చూసుకుంది. ఇక ఈ జన్మకి ఎవరూ తనని కోకిల అని పిలవరు. స్వామీ, నువ్వు నాకిచ్చిన గొంతు ఇదే, పాడటానికి ఇచ్చావనుకుని పొరబడ్డాను అని మనసులో అనుకుని, శాలువా విదిలించి పైకి లేచింది.

కూసింది.

తీతువు కూత. వాళ్ల అమ్మ కూసింది, అమ్మమ్మ కూసింది. ముడతల్లేని, రాగంలేని, చెవుల్లో ముల్లు దిగినట్టుండే కూత. సభ మీద అడ్డంగా ఎగురుతూ, దొరవారి ఎదురుగా ఎగురుతూ, మళ్లీ కూసింది, మళ్లీ మళ్లీ కూసింది.

దొరవారి ముందుకాలు గాలిలోనే ఆగిపోయింది. తీతువు ఎదురైంది, ఈ పూట మంచిది కాదు అని వెనక్కి తిరిగారు. దొరవారు తిరిగితే పరివారం తిరిగింది. కాగు పేలుతుందంటే కదలని కొండముచ్చులు, అపశకునం అనేసరికి బుట్టలూ బుడ్డీలూ వదిలేసి లగెత్తాయి. గుడ్లగూబగారు దారి కనిపించక ఒక కొండముచ్చు తోక పట్టుకుని వెళ్లారు. కుశలరావు ఒక్కడే, సభ అయిపోలేదండీ, ప్రసాదం ఉందండీ అని వెనకాల పిలుస్తూ ఉండిపోయాడు.

బంగారయ్య చేతికందిన కట్టెలు లాగి పారేసి, దండం పెట్టుకుంటూ పరిగెత్తుతున్నాడు. తిరుపతమ్మ అతని ముక్కు మీద వాలింది. "అన్నా, నా పిల్లలు," అంది.

అతను ఆగాడు. గోవిందు ఆమె విదిలించిన శాలువా లాక్కొచ్చి గులకరాళ్ల మీద పరిచాడు. మొగుడూ పెళ్లాం ముక్కులతో గుడ్లు దొర్లించారు. బంగారయ్య నాలుగు చెంగులూ కలిపి నోట కరిచి, పాలకుండ మోసినట్టు మోసుకుంటూ ఏట్లోకి దిగాడు. ఆ అడవిలో ఇన్నేళ్లుగా ఇన్ని శాలువాలు కప్పారు గదా, ఒకరికి అక్కరకొచ్చింది ఆ ఒక్కటే.

వాళ్లు అవతలి ఒడ్డెక్కుతుండగా కాగు పేలింది. తోరణాలు, వేదిక, "జాగ్రత్తే జీవితం" అన్న ఆకులు కలిసి ఆకాశానికి వెళ్లాయి. ఈలగొట్టం శాలువాతో సహా వెళ్తూ వెళ్తూ, ముడి తెగి, ఒక్కసారి నిండుగా ఈల వేసింది. స్వామి దయ వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. ఆలస్యంగా పరిగెత్తిన కొండముచ్చులకి మూతితో పాటు అరచేతులు కూడా నల్లబడ్డాయి. అది మరింత కళ అని అవి ఇప్పుడు చెప్పుకుంటున్నాయి. తైలమంతా కుశలరావు తోక మీద పడింది. ఒక్క వెంట్రుక మిగల్లేదు గానీ, ఆ తోక అద్దంలా మెరిసింది. తైలం నిజంగా పనిచేస్తుందని అడవికి రుజువైంది అప్పుడే.

విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు కుశలరావు, ఆ తోకతోనే. సాక్షులందరినీ పిలిచి, ముందు మీకేం వినపడిందని అడిగారు. తీతువు కూత అన్నారు. ఆ తర్వాత? పేలుడు. మధ్యలో ఈల వినపడిందా? లేదు. గుడ్లగూబగారు కళ్లు మూసుకుని ఆలోచించి తేల్చారు. కూత ముందు, పేలుడు వెనక. కాబట్టి కూత వల్లే పేలుడు. తిరుపతమ్మ బిరుదు వెనక్కి తీసుకున్నారు. ఏటికి ఇవతల కూయరాదని ఉత్తర్వు వేశారు.

ఆమెకి ఏ బాధా కలగలేదు. ఉత్తర్వు వచ్చిన రోజే అవతలి ఒడ్డున గుడ్లు పగిలాయి. పిల్లలు తడి ఆరకుండానే నోళ్లు తెరిచి చేసిన మొదటి పని కూయడం. గోవిందు ఆ గోల వింటూ, అచ్చం మీ అమ్మే, ఒక్కరికీ సంగీతం రాలేదు అని మురిసిపోయాడు.

ఇవతల కొత్త కాగు పెట్టారు. కొత్త గొట్టం కూడా పెట్టారు, ఈసారి శాలువా జారకుండా పక్కన కొక్కేలతో సహా. పొయ్యి దగ్గర మళ్లీ బంగారయ్యే. ఏటి అవతలనుంచి తీతువులు కూసినప్పుడల్లా అతను లేచి కట్టెలు బయటికి లాగేస్తాడు. ఎందుకయ్యా, ఈల రాలేదుగా అని కుశలరావు అడిగితే, శకునం బాగాలేదండీ అంటాడు. కుశలరావు తన బోడితోక ఒకసారి చూసుకుని, సరే ఈ పూటకి ఆపు అంటాడు. ఆ కాగు ఇంతవరకు పేలలేదు.

నీతి: గొట్టానికి శాలువా కప్పండి, తీతువుకి బిరుదు ఇవ్వండి, కాకపోతే మీ ఇల్లు మాత్రం ఏటికి అవతల కట్టుకోండి.